పదో వచనం వదిలేస్తే

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వినని తెలుగు క్రైస్తవులు అరుదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానం కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద తరచూ అదే ఉంటుంది. దేవుడు మీ మేలే తలపెట్టాడు, మీకు నిరీక్షణ ఉంది అన్నది దాని సారం. అంటే ఈ ఏడు వీసా వస్తుంది, సంబంధం కుదురుతుంది అని విప్పి చెప్పే ప్రసంగాలకూ కొదవలేదు.

అసలు ఆ మాట ఎవరికి చెప్పారు? క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని రాజును, అధికారులను, చేతిపనివాళ్లను చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరంలోది ఆ వచనం.

దానికి ముందు అధ్యాయంలో ఒక గొడవ ఉంది. బబులోనుకు లొంగక తప్పదని చూపడానికి యిర్మీయా మెడకు కాడి తగిలించుకుని తిరుగుతున్నాడు. హనన్యా అనే మరో ప్రవక్త దేవాలయంలో యాజకులూ జనమూ వింటుండగా, రెండేళ్లలో చెర ముగుస్తుందన్నాడు. యిర్మీయా వెంటనే ‘ఆమేన్’ అన్నాడు. ఆయనకూ కావలసింది అదే మరి! కాకపోతే, క్షేమమని పలికే ప్రవక్త సంగతి ఆ మాట నెరవేరాకే తేలుతుందని కూడా అన్నాడు. హనన్యా ఆ కాడి లాగి విరిచేశాడు. యిర్మీయా మారు మాట్లాడకుండా తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత దేవుడి మాట విని తిరిగొచ్చి, కొయ్య కాడి పోయి ఇనుప కాడి వచ్చిందని చెప్పాడు.

ఉత్తరంలో ఉన్న గడువు 70 ఏళ్లు. అది పదో వచనంలో ఉంది. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. శత్రువు ఊరి కోసం! పారసీక రాజు కోరెషు యూదులను వెళ్లనిచ్చేసరికి క్రీ.పూ. 538 అయింది. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూసి ఉండరు. మేలు మనవల నాటికి గానీ అందలేదు. అయినా తోట మాత్రం వాళ్లే నాటాలి. బైబిలు ప్రవక్తలు చెప్పిన నిరీక్షణ ఈ తీరుది.

హనన్యా బాట పట్టినవాళ్లు తర్వాతా ఉన్నారు. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు ఎదురుచూశారు. కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. మరుసటి ఏడాది, అలా తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. ఆ దినమూ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని యేసే అన్నట్టు మత్తయి సువార్తలో ఉండగా ఈ లెక్కలెందుకో!

లోకాంతానికి తేదీ చెప్పేవాళ్లూ, ఈ ఏడే వీసా అనేవాళ్లూ చేసేది ఒకటే, గడువు కుదించడం. అది దాటిపోయాక చెప్పినాయన ఇంకో వచనం అందుకుంటాడు. విన్నవాడు మాత్రం నా విశ్వాసమే చాలలేదేమోనని కుమిలిపోతాడు.

పాస్టరు గార్లకు ఒక మనవి. పదకొండో వచనం ఎత్తుకునే ముందు పదో వచనం కూడా చదివి వినిపించండి.