మలేరియా రోగికి విటమిన్ మాత్రలు మేలు చేస్తాయా? కోల్‌కతా నుంచి పపువా న్యూగినియా దాకా పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

వానలు మొదలయ్యే జూన్ నుంచి చలి పడే నవంబర్ దాకా కోల్‌కతాలో ఎవరికి జ్వరం వచ్చినా ఇంట్లో ముందు వచ్చే అనుమానం డెంగీనా, మలేరియానా అనే. రక్తపరీక్షలో మలేరియా అని తేలితే నగరపాలక సంస్థ క్లినిక్‌లో మందులు ఉచితంగా ఇస్తారు. చూడ్డానికి వచ్చే బంధువులు దానిమ్మ, బత్తాయి, కొబ్బరి బోండాలు తెస్తారు. వాటితో పాటు విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రల పట్టీ ఒకటి మంచం పక్కకు చేరుతుంది. నీరసం తగ్గుతుందని, రక్తం పడుతుందని, 'యాంటీఆక్సిడెంట్లు' కాబట్టి హాని ఉండదని నమ్మకం.

ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. అయితే మలేరియా విషయంలో యాంటీఆక్సిడెంట్ల కథ అంత సూటిగా లేదు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి చొరబడి అక్కడి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అలా తిన్నప్పుడు 'హీమ్' అనే ఇనుముతో కూడిన పదార్థం మిగులుతుంది. విడిగా ఉన్న హీమ్ విషంతో సమానం. అది ఫ్రీ రాడికల్స్‌ను, అంటే చుట్టుపక్కల కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను పుట్టిస్తుంది. పరాన్నజీవి తనను తాను కాపాడుకోవడానికి ఆ హీమ్‌ను హీమోజోయిన్ అనే గట్టి స్ఫటికంగా మార్చి పక్కన పెడుతుంది. క్లోరోక్విన్ ఈ మార్పునే అడ్డుకుంటుంది. తన విషం తనకే ఎక్కి పరాన్నజీవి చస్తుంది.

రక్తకణాలు పగిలినప్పుడు హీమ్ రోగి రక్తంలోకి కూడా వస్తుంది. కోల్‌కతా జాదవ్‌పూర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ శాస్త్రవేత్తలు దీని ప్రభావాన్ని ఎలుకల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. రక్తకణాలు పగిలేకొద్దీ కాలేయంలో హీమ్ పేరుకుంటోందని, దానివల్ల వాపు పుట్టి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి కాలేయాన్ని దెబ్బతీస్తున్నాయని వారు చూపించారు. తీవ్ర మలేరియాలో కామెర్లు ఎందుకు వస్తాయో, కాలేయం ఎందుకు నీరసిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఇక్కడే ఒక ఆలోచన పుట్టింది. నష్టం చేసేవి ఫ్రీ రాడికల్స్ అయితే, వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్లను మందులతో పాటు ఇస్తే రోగి త్వరగా కోలుకోడా?

అదే ఆయుధం, రెండు వైపులా

చిక్కు ఏమిటంటే ఫ్రీ రాడికల్స్ దెబ్బ రోగికే కాదు, పరాన్నజీవికి కూడా తగులుతుంది. మన రోగనిరోధక కణాలు దాన్ని చంపడానికి వాడే ఆయుధాల్లో అవి ఒకటి. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాకు నేడు వాడే ఆర్టిమిసినిన్ మందులు కూడా ఇదే దారిలో పనిచేస్తాయి. హీమ్‌లోని ఇనుము తగలగానే ఆ మందు విచ్చుకుని ఫ్రీ రాడికల్స్‌గా మారి పరాన్నజీవిని లోపలి నుంచి కాలుస్తుంది.

అందుకే యాంటీఆక్సిడెంట్లు కలిపినప్పుడు ఆర్టిమిసినిన్ పదును తగ్గినట్టు 1980ల నాటి ప్రయోగశాల పరిశోధనల్లోనే కనిపించింది. 1989లో వెలువడిన మరో అధ్యయనంలో ఆహారంలో విటమిన్ ఇ లేకుండా చేసి, చేపనూనె ఇచ్చిన ఎలుకలు మలేరియాను మెరుగ్గా తట్టుకున్నాయి. అంటే అక్కడ విటమిన్ ఇ పరాన్నజీవికే కాపుగా పనిచేసింది.

ఇవన్నీ పరీక్షనాళికల్లో, ఎలుకల్లో వచ్చిన ఫలితాలు. మనుషులకు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం. కానీ 'ఎంత వేసుకున్నా హాని లేదు' అనే మాటకు ఆధారం లేదని మాత్రం ఇవి చెబుతున్నాయి.

పసుపు కథ దీనికి మరో కోణం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 2006లో పసుపులోని కర్క్యుమిన్‌ను ఆర్టీఈథర్ అనే మందుతో కలిపి ఇచ్చినప్పుడు మలేరియా సోకిన ఎలుకలు బతికాయి. యాంటీఆక్సిడెంట్‌గా పేరున్న కర్క్యుమిన్ పరాన్నజీవిలో మాత్రం ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతుంది. పేరు చూసి పని తేల్చలేమన్నమాట.

మనుషుల మీద పరీక్షిస్తే?

ఆశ పెట్టుకున్న వాటిలో ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఒకటి. థాయ్‌లాండ్, బంగ్లాదేశ్‌లలో తీవ్ర మలేరియా రోగులపై దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు వెల్లడించారు. మందుతో పాటు ఇది ఇచ్చినా అదనపు ప్రయోజనం కనిపించలేదు.

జింక్‌ది కూడా అదే దారి. ఈక్వెడార్, ఘనా, టాంజానియా, ఉగాండా, జాంబియాల్లో వెయ్యి మందికి పైగా పిల్లలకు మలేరియా చికిత్సతో పాటు జింక్ ఇచ్చి చూశారు. 2002లో వెలువడిన ఫలితాల్లో మేలు ఏమీ తేలలేదు.

విటమిన్ ఎ విషయంలో మాత్రం మంచి వార్త వచ్చింది. పపువా న్యూగినియాలో అయిదేళ్ల లోపు పిల్లలకు మూడు నెలలకోసారి విటమిన్ ఎ ఇచ్చినప్పుడు ఫాల్సిపారం జ్వరాలు 30 శాతం తగ్గాయని 1999లో తేలింది. అయితే అది జబ్బు రాకముందు పోషకాహార లోపాన్ని పూడ్చడం. జ్వరం వచ్చాక వేసే మందు కాదు.

ఐరన్ మాత్రల విషయంలో హెచ్చరిక కూడా ఉంది. మలేరియా ఎక్కువగా ఉన్న టాంజానియాలోని పెంబా దీవిలో చిన్నపిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు ఆసుపత్రి పాలవడాలు, మరణాలు పెరిగాయని 2006లో వెల్లడైంది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ అనే మలేరియా మందు పనితీరు తగ్గుతుంది. మలేరియా తర్వాత రక్తహీనత ఉంటే ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

కోల్‌కతాలో అసలు ప్రమాదం

కోల్‌కతాలో ఎక్కువగా కనిపించేది వైవాక్స్ మలేరియా. మేడ మీద నీళ్ల ట్యాంకుల్లో, కట్టడాల దగ్గర నిలిచే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమ దీన్ని మోస్తుంది. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి వారాలకో, నెలలకో మళ్లీ లేస్తుంది. అందుకే మూడు రోజుల క్లోరోక్విన్‌తో ఆపకుండా 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. జ్వరం రెండు మూడు రోజుల్లోనే దిగిపోతుంది కాబట్టి చాలామంది దీన్ని మధ్యలో మానేసి, బలానికి విటమిన్లు మాత్రం కొనసాగిస్తారు. కాలేయంలో దాక్కున్న పరాన్నజీవిని ఏ విటమిన్ చంపలేదు.

ప్రైమాక్విన్‌కు ముందు చూసుకోవాల్సింది కూడా యాంటీఆక్సిడెంట్ వ్యవహారమే. ఎర్ర రక్తకణాలకు సహజ రక్షణ ఇచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అలాంటివారిలో ప్రైమాక్విన్ రక్తకణాలను పగలగొట్టవచ్చు. మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విటమిన్ సి అతి మోతాదు కూడా ఇలాంటివారిలో ఇదే ప్రమాదం తెచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

మరి పండ్లు తినవచ్చా?

నిరభ్యంతరంగా తినవచ్చు. పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ సి పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసులు చెబుతున్నాయి. ఒక జామపండు ఆ అవసరాన్ని తీరుస్తుంది. మందుల షాపులో దొరికే మాత్రలో సాధారణంగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆహారానికి, మాత్రకు తేడా ఇక్కడే. పండు, పప్పు, ఆకుకూర, గుడ్డు, తగినన్ని నీళ్లు కోలుకోవడానికి సాయపడతాయి. చికిత్స రోజుల్లో ఎక్కువ మోతాదు మాత్రలు వేసుకోవాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి వేసుకోవాలి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి దోమకాటుతోనే జబ్బు పాకుతుందని నిరూపించాడు. అప్పటి నుంచి మలేరియాను ఓడించే దారి మారలేదు. దోమను ఆపాలి, రక్తపరీక్ష చేయించాలి, రాసిచ్చిన మందు చివరి రోజు దాకా వాడాలి. పళ్లెంలో పండు ఆ పక్కన ఉండాలి, ఆ మందుకు బదులుగా కాదు.