పథ్యమా, పంతమా?

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైన ఒక కాయో పండో అక్కడ వదిలేసి రావడం మనవాళ్ళలో ఉన్న ఆచారం. "కాశీలో వంకాయ వదిలేశానమ్మా" అని ఒక పెద్దావిడ అంటే వడ్డించే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఎందుకు వదిలేశారు, వంకాయలో ఉన్న పోషకాల మాటేమిటి అని ఎవరూ నిలదీయరు. ఏకాదశి ఉపవాసమన్నా అంతే, కార్తీక సోమవారమన్నా అంతే. అదే విస్తరి ముందు నలభై ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన కూర్చుని "నేను అన్నం మానేశానండీ, లో-కార్బ్ డైట్ చేస్తున్నాను" అంటే మాత్రం, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం పుట్టుకొస్తుంది.

ఫార్మింగ్టన్ హిల్స్ లోనూ, చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ లలోనూ మన ఇళ్ళలో వారాంతపు భోజనాలకి వెళ్ళేవారికి ఆ అభిప్రాయాలు కంఠతా వచ్చే ఉంటాయి. "ఒక్క ముద్ద పెరుగన్నం తింటే ఏమవుతుందిరా?" అని పిన్నిగారు. "మా తాతగారు రెండు పూటలా అన్నం తిని తొంభై ఏళ్ళు బతికారు" అని బాబాయిగారు. "ఇంతింత నెయ్యి తింటే గుండె ఏం కావాలి అన్నయ్యా?" అని చెల్లెలు. "డాక్టరు చెప్పారా నాన్నా, యూట్యూబు చెప్పిందా?" అని కాలేజీకెళ్ళే కూతురు.

పిండిపదార్థాలు తగ్గించుకుని తినేవారు ఈ మాటలకి ఎలా జవాబు చెప్పుకోవాలో కాస్త ఆలోచించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పథ్యం అందరూ చెయ్యాలనీ, ఎవరూ చెయ్యకూడదనీ వాదించడం కాదు.

అన్నం అంటే ఉత్త బియ్యమేనా?

ముందుగా, ఈ విమర్శ మనవాళ్ళలో ఇంత ఘాటుగా ఎందుకుంటుందో చూద్దాం. తెలుగులో అన్నం అన్న మాటకి వండిన బియ్యం అనీ అర్థమే, భోజనం అనీ అర్థమే. "అన్నం తిన్నారా?" అన్నది కుశలప్రశ్న. అన్నం పెట్టిన చెయ్యి అంటే ఆదుకున్న చెయ్యి. అందుకని "నాకు అన్నం వద్దు" అన్నమాట, చెప్పినవారి నోట్లో ఒక ధాన్యం గురించిన మాటే అయినా, విన్నవారి చెవిలో "మీ భోజనం వద్దు" అన్నట్టుగానే పడుతుంది. పొద్దున్నించీ వంటింట్లో నిలబడిన ఇల్లాలికి అది నొప్పి కలిగించడంలో వింత లేదు.

రెండో కారణం మనం చెప్పే తీరు. కాశీలో వంకాయ వదిలిన ఆవిడ తన సంగతి తాను చెప్పుకుంటుంది. మీరు వంకాయ తినడం తప్పని అనదు. డైట్ చేసేవారు అలా కాదు. తమ విస్తరి గురించి మొదలుపెట్టి ఎదుటివారి విస్తరి మీదికి వెళ్ళిపోతారు. "ఈ తెల్లన్నం ఉందే, ఇది విషం" అన్నాక, ఆ అన్నం వండినవారూ తింటున్నవారూ ఊరుకుంటారా? మనకి ఎదురయ్యే విమర్శల్లో చాలాభాగం అడగకుండా మనం ఇచ్చిన ఉపన్యాసానికి వచ్చిన సమాధానమే. వ్రతంలా చెప్పుకున్నది గౌరవం పొందుతుంది. సిద్ధాంతంలా చెప్పినది వాదం తెచ్చుకుంటుంది.

మూడో కారణం, మనవాళ్ళు ఇప్పటికే చాలా విని ఉండటం. కొన్నేళ్ళపాటు మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంట గురించి చెప్పారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలనీ ఊపేసి, వాట్సాప్ ఎక్కి ఇక్కడికీ వచ్చింది: రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. ఆయన వైద్యులు కారనీ, ఇది అందరికీ పడదనీ డాక్టర్లు చాలామంది అభ్యంతరం చెప్పారు. బరువు తగ్గినవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తారు. ఈలోగా ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. నూనె అసలు వద్దన్న మాటా, నూనె తాగమన్న మాటా ఒకే జీవితకాలంలో విన్న అత్తగారు, మూడోసారి అల్లుడు చెబుతున్నదాన్ని వెంటనే నమ్మకపోతే అది ఆవిడ తెలివితక్కువతనం కాదు.

నిజానికి ఇది మొన్న పుట్టిన పథ్యమూ కాదు. లండన్ లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు తగ్గించి తాను చిక్కిన వైనాన్ని 1863లోనే చిన్న పుస్తకంగా వేశాడు. అమెరికాలో డాక్టర్ రాబర్ట్ ఆట్కిన్స్ పుస్తకం 1972లో వచ్చింది.

బాబాయిగారి తాతగారు

ఇక విమర్శల్ని ఒక్కొక్కటే తీసుకుందాం. అన్నిటికంటే బలంగా వినిపించేది "మన తాతముత్తాతలు తిన్నారు" అన్నది. ఇందులో సగం నిజం ఉంది. డెల్టాల్లో వరి ఎన్నో తరాల పంట. కానీ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, గటక ఎన్నో ఇళ్ళలో నిత్యభోజనం. వరన్నం పండక్కి వండుకున్న ఇళ్ళు తక్కువేం కాదు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చేనాటికి కూడా, రెండు పూటలా తెల్లన్నం అన్నది చాలామంది పేదలకి కలిగినవారి భోజనమే.

అలాగని జొన్నలో, రాగిలో పిండిపదార్థం లేదని కాదు, బాగానే ఉంది. అసలు తేడా పనిలో ఉంది. తాతగారు తిన్న అన్నం పొలంలో కరిగింది. మనం తిన్నది ఆఫీసు కుర్చీలోనూ, ఐ-696 మీద కారులోనూ, మిషిగన్ చలికాలంలో సోఫాలోనూ కరగాలి. బాబాయిగారికి చెప్పవలసిన జవాబు తాతగారిని తప్పుపట్టేది కాకూడదు. "తాతగారి పని నేను చెయ్యడం లేదు కదా బాబాయ్, ఆయన తిండి నాకెలా అరుగుతుంది?" అంటే ఆయనా నవ్వుతారు.

అంకెలు కూడా కొంచెం తెలిసి ఉండాలి. వండిన తెల్లన్నం ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పప్పులోకి, కూరలోకి, పులుసులోకి, పెరుగులోకి అని నాలుగు విడతలు కలుపుకునే మన భోజనంలో మూడు కప్పులు తేలిగ్గా వెళ్ళిపోతాయి. అంటే ఒక్క పూటకే 135 గ్రాములు. మామూలు లో-కార్బ్ అంటే రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు. కఠినమైన కీటో అయితే 20 నుంచి 50 గ్రాములు. బ్రౌన్ రైస్ కి మారితే పీచు పెరుగుతుంది గానీ పిండిపదార్థం పెద్దగా తగ్గదు. ఈ లెక్క తెలిస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. కీటో కాక మామూలు లో-కార్బ్ చేసేవారు పిన్నిగారి మాట మన్నించి ఒక ముద్ద పెరుగన్నం తింటే కొంపేమీ మునగదు.

భారతదేశపు భోజనంలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐ.సి.ఎం.ఆర్. వారి ఇండియాబ్ సర్వే 2025లో తేల్చింది. అక్కడ మధుమేహం ఉన్నవారు పదికోట్ల పైమాటేనని అదే సర్వే 2023లో చెప్పింది. మన శరీరాలకి బరువు కొంచెం పెరిగినా ముప్పే. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియావాళ్ళకి మధుమేహ పరీక్ష చెయ్యవలసిన బి.ఎం.ఐ. హద్దుని 25 నుంచి 23కి దించింది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి అది సుమారు 142 పౌన్లు. అద్దంలో సన్నగానే కనిపించే మనిషి "నాకు బరువు సమస్య ఉంది" అంటే, అది గొప్పకి చెప్పుకునే మాట కాకపోవచ్చు.

చెల్లెలు అడిగిన ప్రశ్న, కూతురు అడిగిన ప్రశ్న

కొన్ని విమర్శలకి జవాబు చెప్పి ఊరుకోకూడదు, వినాలి కూడా. "గుండె ఏం కావాలి?" అన్నది అలాంటిది. పిండి తగ్గించిన చోట ఏం పెట్టుకుంటున్నామన్నదే అక్కడ ప్రశ్న. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశీలనలో, పిండికి బదులు మాంసం, జంతువుల కొవ్వు తిన్నవారిలో మరణాల రేటు ఎక్కువగానూ, మొక్కల నుంచి వచ్చే ప్రొటీన్, కొవ్వు తిన్నవారిలో తక్కువగానూ కనిపించింది. కాబట్టి నెయ్యీ కొబ్బరినూనే దట్టించడం కంటే పల్లీలు, నువ్వులు, బాదంపప్పు, చేపలు మేలు. కొంతమందిలో ఎల్.డి.ఎల్. బాగా పెరుగుతుంది. అది తెలిసేది రక్తపరీక్షతోనే, ధీమాతో కాదు.

కూతురు అడిగిన ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిపిజైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారు మోతాదు మార్చకుండా హఠాత్తుగా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. జార్డియన్స్, ఫార్సిగా తరహా మందులతో, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా, కీటోఎసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చని ఎఫ్.డి.ఎ. 2015లో హెచ్చరించింది. ఆ మందులు వాడుతూ కీటో చేస్తే ఆ ముప్పు పెరుగుతుంది. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టవలసిన పథ్యం కాదిది. "డాక్టరుని అడిగారా?" అన్నది విమర్శ కింద లెక్కకాదు. దానికి "అడిగాను, ఫలానా మందు తగ్గించారు, మూడు నెలలకి మళ్ళీ ఎ1సి చూస్తారు" అని చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ మాట అన్నవారే నిజమైన శ్రేయోభిలాషులు.

"మెదడుకి గ్లూకోజ్ కావాలి కదా" అనేవారికి జవాబు తేలిక. కావాలి. తినకపోతే కాలేయం తయారుచేస్తుంది. మిగతా లోటు కీటోన్లు తీరుస్తాయి. 1921లో మేయో క్లినిక్ డాక్టర్ రసెల్ వైల్డర్ కీటో పథ్యాన్ని ప్రతిపాదించినదే మెదడుకి సంబంధించిన మూర్ఛవ్యాధి కోసం.

"దీనివల్ల నిజంగా లాభం ఉందా?" అనేవారికి మన ఊళ్ళ దగ్గరి ఉదాహరణే చెప్పవచ్చు. యాన్ ఆర్బర్ లోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు లారా సాస్లో బృందం ఆగ్నేయ మిషిగన్ వాసులు 94 మందితో నాలుగు నెలలు చేసిన ప్రయోగం 2023లో ప్రచురితమైంది. అధిక బరువు, రక్తపోటుతో పాటు మధుమేహం గానీ, దాని తొలిదశ గానీ ఉన్నవారు వీరు. పిండి బాగా తగ్గించినవారు సగటున 19 పౌన్లు, రక్తపోటుకి వైద్యులు చెప్పే డాష్ ఆహారం తిన్నవారు 10 పౌన్లు తగ్గారు. రక్తపోటు, ఎ1సి కూడా మొదటివారికే ఎక్కువ తగ్గాయి. అయితే రెండోవైపు కూడా చెప్పడం న్యాయం. స్టాన్ఫర్డ్ వారు 609 మందితో ఏడాదిపాటు చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో కొవ్వు తగ్గించినవారికీ, పిండి తగ్గించినవారికీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు జట్లకీ చక్కెర, మైదా తగ్గించమనే చెప్పారు. కాబట్టి "నాకు ఇది పనిచేసింది" అనడం సబబు. "ఇదొక్కటే పనిచేస్తుంది" అనడం సబబు కాదు.

వంటింటి మాట

బయటివారి విమర్శ ఒక పూట సంగతి. ఇంట్లో ఉన్నవారి కష్టం రోజూ ఉంటుంది. చాలా ఇళ్ళలో ఒకరి పథ్యం ఇంకొకరికి రెండో వంట. ఉద్యోగం నుంచి వచ్చి పిల్లలకొకటి, భర్తకొకటి వండుతున్న ఇల్లాలు విసుక్కుంటే, ఆవిడకి పోషకాహార శాస్త్రం చెప్పకూడదు, గరిటె అందుకోవాలి. పిల్లల ముందు ఏ తిండినీ విషమని అనకపోవడం కూడా అవసరం. నాన్న తిననిదాన్ని తాము తింటున్నందుకు వాళ్ళు భయపడకూడదు.

ఇండియా నుంచి ఆరునెలలకి వచ్చిన అమ్మ సంగతి వేరు. ఆవిడ వచ్చిందే కొడుక్కి పెట్టుకోవడానికి. "వద్దమ్మా" అని ఊరుకోకుండా కావలసినవి అడిగితే ఆవిడ చేతికి పని దొరుకుతుంది: గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, తోటకూర పులుసు, గోంగూర మాంసం, కోడిగుడ్డు పొరటు. మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి వండేవి కనక ఉత్తగా తింటే ఉప్పూ కారం ఎక్కువనిపిస్తాయి. ఆ రెండూ కాస్త తగ్గించి చెయ్యమంటే చాలు. పప్పు తినవచ్చు గానీ కొలత ఉండాలి. గట్టిగా ఉడికిన మైసూరు పప్పు ఒక కప్పులో 18 గ్రాముల ప్రొటీన్ తో పాటు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అందులో 15 గ్రాములు పీచు.

పదిమంది కలిసే చోట, అందరికీ సరిపోయేలా ఒక కూరో వేపుడో మనమే వండి తీసుకెళితే సగం మాటలు రావు. ముందురోజే ఫోన్ చేసి "అక్కయ్యా, నేను పథ్యంలో ఉన్నాను, మీ వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకుంటాను, అన్నం మాత్రం పెట్టకండి" అంటే మిగతా సగమూ రావు. డైట్ అన్న మాటకి వాదం ఉంది గానీ పథ్యం అన్న మాటకి మన భాషలో వాదం లేదు. నోవై వెంకటేశ్వరాలయంలో పులిహోర ప్రసాదం పెడితే చెంచాడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోవచ్చు. ప్రసాదానికి అణువంత చాలునని మన పెద్దలే అన్నారు.

పథ్యానికీ పంతానికీ తేడా ఒక్కటే. పథ్యం మన ఒంటికోసం చేసేది. ఆ ఒళ్ళు ఏం చెబుతోందో పరీక్షలు చూసుకుంటుంది, అవసరమైతే మారుతుంది. పంతం ఎదుటివారిని గెలవడం కోసం చేసేది, అది ఎవరి మాటా వినదు. ప్రేమతో అన్న మాటకి ప్రేమతోనూ, తెలిసి అన్న మాటకి రక్తపరీక్షతోనూ, ఊరికే అన్న మాటకి చిరునవ్వుతోనూ జవాబిస్తే చాలు. విస్తరిలో అన్నం తగ్గినా పక్కన కూర్చునేవాళ్ళు తగ్గకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని.