అన్నవాహికకు క్యాన్సరు: చిన్నగాట్ల శస్త్రచికిత్స

కంఠము నుండి జీర్ణాశయము వరకు, శ్వాసనాళమునకును గుండెకును వెనుకగా, వెన్నెముకకు ముందుగా, సుమారు 25 సెంటీమీటర్ల పొడవున దిగు అన్నవాహికను శస్త్రవైద్యులు చిరకాలము దుర్గమస్థానముగా నెంచిరి. 1913లో న్యూయార్కు నగరమున ఫ్రాంజ్ టోరెక్ అను వైద్యుడు ఒక వృద్ధురాలి ఱొమ్ము తెరచి, క్యాన్సరు సోకిన అన్నవాహికను తొలగించి, మెడయందలి రంధ్రమునకును పొట్టయందలి రంధ్రమునకును నడుమ దేహమునకు వెలుపల రబ్బరు గొట్టము నమర్పగా, ఆమె దాని ద్వారానే ఆహారము గ్రహించుచు పదేండ్లకు పైగా జీవించెను. 1946లో ఐవర్ లూయిస్ పొట్టను, పిదప కుడి ఱొమ్మును తెరచి, జీర్ణాశయమునే పైకి లాగి అతుకు మార్గమును వివరించెను.

మార్గము దొరకినది గాని, రోగి కష్టము తీరలేదు. పక్కటెముకలు విడదీసి ఱొమ్ము తెరచిన పిమ్మట రోగి నొప్పికి జడిసి గట్టిగా దగ్గలేడు, నిండుగా ఊపిరి పీల్చలేడు. దగ్గనందున కఫము పేరుకొనును. పేరుకొన్న కఫము న్యుమోనియాకు దారితీయును. కణితిని జయించినవాడు కఫమునకు లొంగిపోవు దుఃస్థితి ఇట్లు ఏర్పడుచుండెను.

దీనిని తప్పించుటకే 1990 దశకారంభమున స్కాట్లండులోని డండీయందు ఆల్ఫ్రెడ్ కుస్కియేరి మొదలగువారు ఱొమ్మును తెరువక, సన్నని కెమెరాతో లోనికి చూచుచు అన్నవాహికను వేరుచేయసాగిరి. నేడు పొట్టమీదను, కుడి ఱొమ్ముమీదను కొన్ని చిన్న గాట్లు పెట్టి, వానిగుండా పొడవైన పనిముట్లు పంపి, చుట్టునున్న లింఫు గ్రంథులతో కూడ వ్యాధిభాగమును తీసివేయుదురు. జీర్ణాశయమును గొట్టముగా మలచి, ఱొమ్ములోనో మెడలోనో మిగిలిన అన్నవాహికతో సంధింతురు. కోయంబత్తూరు వైద్యుడు పళనివేలు, ఆయన సహచరులు రోగిని బోర్ల పరుండబెట్టి ఈ చికిత్స జరిపి, 130 మంది విషయమున తమ యనుభవమును 2006లో ప్రకటించిరి. అట్లు పరుండినపుడు ఊపిరితిత్తి తన బరువుచేతనే ప్రక్కకు జారి, అన్నవాహిక వైద్యుని కంటికి తేటపడును. స్రవించిన రక్తమును దృష్టికి అడ్డురాక దిగువకు పోవును.

ఫలితము ఊహామాత్రము కాదు. ఐరోపాలో 115 మందిపై జరిగి, 2012లో లాన్సెట్ పత్రికయందు వెలువడిన పరిశోధనలో, ఱొమ్ము తెరచినవారిలో నూటికి 29 మందికి తొలి రెండు వారములలో ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షను సోకగా, చిన్నగాట్లవారిలో నూటికి 9 మందికే సోకెను.

అయినను గాటు చిన్నదగుటచేత కార్యము చిన్నది కాదు. అతుకు వద్ద కారుట యను ప్రమాదము ఇందును కలదు. పలువురికి ముందుగా కీమోథెరపీ, రేడియేషను అవసరమగును. పిదప కొద్దికొద్దిగా పలుమార్లు తినుట అలవరచుకొనవలెను. కావున ఇట్టి ఆపరేషనులు తరచుగా చేయుచు, చేయి తిరిగిన బృందమునే ఆశ్రయించుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. వ్యాధి ఇతరావయవములకు ప్రాకిన పిమ్మట సాధారణముగా ఈ శస్త్రచికిత్సకు తావుండదు. ముద్ద దిగుట లేదని ప్రతి కబళమునకు నీళ్లు త్రాగుచు, అన్నమును మజ్జిగలో మెత్తగా పిసికి తినుచు, గ్యాసు మాత్రలతో నెలలు గడపువారు మనలో లేకపోలేదు. పొగాకు, గుట్కా, మద్యము అలవాటున్నవారికి ఈ లక్షణము మరింత గట్టి హెచ్చరిక. ముద్ద అడ్డుపడుట మొదలైననాడే ఎండోస్కోపీ చేయించుకొన్నచో, వైద్యశాస్త్రము నూరేండ్ల శ్రమతో సాధించిన ఈ మేలు రోగికి దక్కు అవకాశము హెచ్చును.