కెనడా వలస ఎంపికలో పాయింట్ల లెక్క

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. అయినప్పటికీ ఆ కొండలను చేరాలనే కోరిక మానవ సహజం. బ్రతుకుతెరువు కోసం ఊరు విడవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1970ల నుండి హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు, కడప జిల్లాలవారు అనేకులు గల్ఫ్ దేశాలకు వెళ్ళి కుటుంబాలను పోషించారు. ఆ ప్రయాణంలో పని ఇచ్చే యజమాని, వీసా తెచ్చే ఏజెంటు, వీరిద్దరే ముఖ్యులు. "ఆజాద్ వీసా కొన్నాము" అనే మాట మన వీధులలో తరచు విన్నదే. అందువల్లనే కాబోలు, నేడు కెనడా వెళ్ళగోరే విద్యావంతులు కూడ అక్కడి వీసాను డబ్బిచ్చి కొనదగిన వస్తువుగానే భావిస్తున్నారు.

గత సంవత్సరం మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చాడు. వయస్సు 27. ఇంజనీరింగు డిగ్రీ పూర్తిచేసి మూడేండ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకను అవివాహితుడు. అతని చేతిలో ఒక ఏజెంటు ఇచ్చిన కాగితం ఉన్నది. "మీకు 67 పాయింట్లు వచ్చినవి, కెనడా ఖాయం" అని దానిలో వ్రాసి ఉన్నది. రుసుము కట్టడానికి తల్లి తన నగలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడినది. "సార్, ఈ 67 అంటే ఏమిటి?" అని అతడు అడిగాడు. తెలుగు బోధించే నాకు ఆ లెక్క అప్పటికి తెలియదు. ఇద్దరం కూర్చుని కెనడా ప్రభుత్వం ప్రకటించిన నియమాలను ఆసాంతం చదివాము. ఆనాడు తెలుసుకున్న విషయాలనే విద్యార్థుల ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాను.

పూర్వచరిత్ర

ఒకనాడు కెనడాలో ప్రవేశం మనిషి పుట్టిన దేశాన్ని బట్టి నిర్ణయింపబడేది. స్వదేశం నుండి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారికే ప్రవేశమని 1908లో ఒక నిబంధన చేశారు. భారతదేశం నుండి అట్టి ప్రయాణ సౌకర్యమే లేదు గనుక, అది మనవారికి తలుపు మూయడమే అయినది. 1914లో కోమగాట మారు అనే ఓడలో 376 మంది వాంకోవర్ రేవు చేరారు. వారిలో అధికులు సిక్కులు. ముస్లిములు, హిందువులు కూడ ఉన్నారు. రెండు నెలలు ఓడలోనే నిలిపి, బహుకొద్దిమందిని తప్ప అందరినీ వెనుకకు పంపివేశారు. 1951లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారతీయులకు లభించినది సంవత్సరానికి 150 స్థానాలు మాత్రమే.

1962లో ఈ జాతి వివక్షను చాలావరకు తొలగించారు. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చినది. చదువు, వృత్తి, భాష, వయస్సు మొదలైనవాటికి నూటికి ఇన్ని అని పాయింట్లు కేటాయించి, 50 వచ్చినవారిని అర్హులుగా పరిగణించారు. అభ్యర్థి ఎక్కడ పుట్టాడని కాక, ఏమి నేర్చాడని అడగడం ఆనాటితో మొదలైనది. ఈ పద్ధతి గొప్పదనం ఇదే.

మొదటి జల్లెడ: అర్హత

ఇక నేటి పద్ధతికి వద్దాము. విదేశాలలో నైపుణ్యం గడించిన ఉద్యోగికి రెండు జల్లెడలు ఉన్నవి. మొదటిది 100 పాయింట్ల పట్టిక. భాషకు 28, విద్యకు 25, అనుభవానికి 15, వయస్సుకు 12, కెనడాలో ముందుగా కుదిరిన ఉద్యోగానికి 10, అక్కడ ఇమడగల అనుకూలతకు 10. కనీసం 67 రావలెను.

మన విద్యార్థికి భాషలో 23, డిగ్రీకి 21, మూడేండ్ల అనుభవానికి 11, వయస్సుకు 12, వెరసి 67 వచ్చినవి. ఏజెంటు వ్రాసినది అబద్ధం కాదు. అయితే అది సగం నిజం. ఇల్లలకగానే పండుగ కాదు గదా! 67 వచ్చినవాడు వరుసలో నిలబడడానికి అర్హుడైనాడు, అంతే.

రెండవ జల్లెడ: పోటీ

2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే విధానం అమలులోనికి వచ్చినది. అర్హులందరి వివరాలను ఒకచోట చేర్చి, 1200 పాయింట్ల మరొక పట్టికతో వారికి ర్యాంకులు ఇస్తారు. ప్రభుత్వం విడతలవారీగా పై ర్యాంకులవారిని దరఖాస్తు చేసుకోమని ఆహ్వానిస్తుంది. ఇక్కడ ఉత్తీర్ణతా మార్కు అనేది లేదు. మన ఎంసెట్ ర్యాంకు వలె, తోటివారికి ఎన్ని వచ్చినవన్నదే ప్రధానం.

ఈ పట్టికలో మన విద్యార్థి లెక్క ఇట్లున్నది: వయస్సుకు 110, డిగ్రీకి 120, ఆంగ్లానికి 116, చదువును అనుభవాన్ని ఆంగ్ల ప్రావీణ్యంతో జతచేసి ఇచ్చేవి 38, మొత్తం 384. కాని 2024 జనవరి, ఏప్రిల్ నెలల మధ్య జరిగిన సాధారణ విడతలలో ఆహ్వానం పొందిన చివరి అభ్యర్థికి కూడ 524కు తక్కువ లేవు. ఆ అంతరం చూసి అతడు చాలసేపు మౌనంగా ఉండిపోయాడు.

ఈ హద్దు స్థిరమైనది కాదు. 2021 ఫిబ్రవరిలో, ఆ దేశంలో ఇదివరకే పనిచేసినవారి కోసం జరిపిన ఒక విడతలో 75 పాయింట్లవారిని సైతం పిలిచారు. అనగా మన యోగ్యతతో పాటు ఆ దేశపు అవసరం కూడ ఎంపికను నిర్ణయిస్తుంది. అందుచేత "ఖాయం" అనే మాట ఎవరూ అనజాలరు.

పాయింట్లు పెరిగే మార్గాలు

అతని ఆంగ్ల పరీక్ష ఫలితంలో వినడం, చదవడం, మాట్లాడడం బాగున్నవి. వ్రాతలో మాత్రం 7కు బదులు 6.5 వచ్చినది. ఆ అర బ్యాండు వల్ల భాషలో 8, జతచేసి ఇచ్చే పాయింట్లలో 37, మొత్తం 45 పాయింట్లు తగ్గినవి. నాలుగు నైపుణ్యాలలోను ఉన్నతస్థాయి ఉంటేనే ఆ జత పాయింట్లు పూర్తిగా వస్తాయి. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివిన మన విద్యార్థులు ఆంగ్ల వ్యాసరచనను చులకనగా చూడరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

వ్రాతలో ఆ 7 వచ్చి, స్నాతకోత్తర పట్టా కూడ ఉన్నట్లయితే, ఆ 45కు తోడు అతనికి మరి 40 వచ్చేవి. వయస్సుకు 20 నుండి 29 ఏండ్ల వరకు నిండు పాయింట్లు. ముప్పైవ ఏట నుండి ఏటేటా తగ్గి 45కు సున్న అవుతాయి. వివాహితులకు లెక్క కొంత వేరు. జీవిత భాగస్వామి చదువు, భాష కూడ పరిగణనలోనికి వస్తాయి. ఏదైనా ప్రావిన్సు ప్రభుత్వం తనకు కావలెనని ఒక అభ్యర్థిని ఎంపికచేస్తే ఒక్కసారిగా 600 చేరుతాయి. 2023 నుండి ప్రత్యేక వర్గాలకు వేరుగా విడతలు జరుపుతున్నారు. 2024 ఫిబ్రవరిలో ఫ్రెంచి వచ్చినవారి కోసం జరిగిన ఒక విడతలో 336 పాయింట్లకే ఆహ్వానం లభించినది.

కాగితాల విషయం

ప్రతి పాయింటుకు ఒక రుజువు చూపవలెను. మన పట్టా వారి పట్టాకు సమానమని గుర్తింపు పొందిన సంస్థ ధ్రువీకరించవలెను. అది అయిదేండ్లు చెల్లుతుంది. భాషా ఫలితం రెండేండ్లే చెల్లుతుంది. ఆహ్వానం వచ్చిన 60 రోజులలో సమస్త పత్రాలు సమర్పించవలెను. చూపే పొదుపు సొమ్ము అప్పు తెచ్చినది కారాదు.

మన విద్యార్థులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. పదవ తరగతి పత్రంలో "ఎస్.కె.", డిగ్రీ పట్టాలో "షేక్", పాస్‌పోర్టులో ఇంటిపేరు మరొక వరుసలో ఉండడం మనకు పరిపాటి. "ఎం.డి." అనే పొడి అక్షరాలు మహమ్మద్ అని మనకు తెలుసు, విదేశపు అధికారికి తెలియదు. చదువుతున్న కాలంలోనే పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాలలోను ఒకే విధంగా ఉండేటట్లు సరిచేసుకొనడం ఉత్తమం.

మరొక హెచ్చరిక. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం తెచ్చిపెడతామని చెప్పేవారు ఉన్నారు. అట్టి అసత్యం బయటపడితే అయిదేండ్లపాటు దరఖాస్తుకు అనర్హులవుతారు. ఈ రెండవ పట్టికలో ఉద్యోగ నియామక పత్రానికి ఒకప్పుడు అదనపు పాయింట్లు ఉండేవి. అట్టి పత్రాల అక్రమ విక్రయాన్ని అరికట్టడానికి 2025 మార్చిలో వాటిని తొలగించారు. పేరు నమోదుకు రుసుము లేదు, ఏజెంటు అవసరమూ లేదు. రుసుము పుచ్చుకొని సహాయపడేవారికి కెనడా చట్టం ప్రకారం గుర్తింపు ఉండవలెను. వారిని నియమించుకున్నంత మాత్రాన ర్యాంకు పెరగదు.

చివరకు ఎంపికైనా అక్కడి ఉద్యోగం చేతికి వచ్చినట్లు కాదు. వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు వంటివారు అక్కడి వృత్తి సంస్థల అనుమతిని మళ్ళీ సంపాదించుకోవలెను.

ముగింపు

విద్యార్థులారా! ఈ పద్ధతి మనిషి మంచితనాన్ని కొలవజాలదు. కాగితంపై రుజువైన దానినే కొలుస్తుంది. కనుక పాయింట్లు తక్కువైనవారు తమను తాము అల్పులుగా తలచరాదు. అందులో లెక్కించే చదువు, భాష, అనుభవం ఏ ఏజెంటు అమ్మే సరుకులు కావు. వాటిని ఈ తరగతి గదులలోనే ఆర్జించవలెను. విదేశం వెళ్ళినా, వెళ్ళకపోయినా అవి మనవే. నియమాలు తరచు మారుతుంటాయి గనుక, అడుగు వేసేముందు కెనడా ప్రభుత్వ ప్రకటనలనే స్వయంగా చదవండి.

ఆ విద్యార్థి నేడు మళ్ళీ వ్రాత పరీక్షకు సిద్ధమవుతున్నాడు. సాయంకాల తరగతులలో స్నాతకోత్తర పట్టాకు కూడ చేరాడు. ఆహ్వానం వస్తుందో రాదో చెప్పలేము. తల్లి నగలు మాత్రం ఇంటిలోనే ఉన్నవి.