పండుగ పానములు: బందరు, గుడివాడ, దివిసీమల ఆచారములు, పదములు

తెలుగువారి పండుగలను గుఱించి వ్రాసినవారు వంటకములను వర్ణించినంతగా పానీయములను వర్ణింపలేదు. అరిసె, బూరె, బొబ్బట్టు, పులిహోర మున్నగువానికి జానపద విజ్ఞాన చర్చలలో చాలినంత చోటు లభించినది. పానకమునకు నైవేద్యముల పట్టికలో ఒక పేరుగా మాత్రమే స్థానము దక్కినది. కల్లు సంగతి చెప్పనక్కఱలేదు. దానిని అబ్కారీ లెక్కలు వ్రాసినవారు పట్టించుకొనిరి గాని పండుగలను వ్రాసినవారు పట్టించుకొనలేదు. ఒకటి భక్తి, వేఱొకటి వ్యసనము అని ముందుగనే విభజించి, ఆ విభాగమునకు లోబడి సమాచారమును సేకరించుటవలన కలిగిన లోపమిది. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల ఆచారములను దగ్గఱగా పరిశీలించినచో ఈ విభాగము నిలువదని మాకు తోచుచున్నది. ఇచ్చటి పండుగ పానములను గుర్తించుటకు మత్తు కలదా లేదా అను ప్రశ్న చాలదు. ఆ పానము మొదట మఱియొకరికి పోయబడును, పిమ్మటనే త్రాగబడును. అన్నిటికిని ఉమ్మడియైన లక్షణమిదియే.

ఈ సంగతిని మొదట భాషయే పట్టియిచ్చుచున్నది. కర్మపదము లేకుండ "అతడు త్రాగును" అన్నచో తెలుగున మద్యమనియే అర్థము. నీరైనను మజ్జిగయైనను పేరు చెప్పక తప్పదు. దేవాలయమున తీర్థమును మాత్రము "త్రాగితిని" అని యెవరును అనరు, "పుచ్చుకొంటిని" అందురు. పుచ్చుకొనుటకు ఇచ్చువాడొకడు ఉండవలెను గదా. ఆ మాటయే పరిహాసముగా మద్యమునకును సంక్రమించి, "కొంచెము పుచ్చుకొన్నాడు", "తీర్థము పుచ్చుకొన్నాడు" అను వాడుకలు పుట్టినవి. నవ్వులాటకు పుట్టిన మాటలని వీనిని త్రోసివేయరాదు. ఒంటరిగా త్రాగినవానికిని ఇచ్చిన చేయి ఒకటి యున్నట్లు భావించుటలో పాత మర్యాద యొకటి మిగిలియున్నది. తీర్థ శబ్దమునకు సంస్కృతమున రేవు అను అర్థము కలదు. తెలుగున అది అభిషేక జలమును, కొన్ని సీమలలో జాతరను గూడ తెలుపును. రేవు, నీరు, జనసమూహము ఒకే పదమున ఒదిగినవి.

మధుపర్కము కథ మఱియు విచిత్రము. పూజ్యుడైన అతిథికిని, పెండ్లికుమారునకును ఇచ్చు తేనె, పెరుగు, నేయి కలిపిన పదార్థమునకు అది పేరు. నేటి తెలుగున మధుపర్కములనగా వధూవరులు కట్టుకొను వస్త్రములే. లోపలికి పుచ్చుకొనునది మఱుగై, పైన కట్టుకొనునది మిగిలినది. ఇచ్చుట అను క్రియ మాత్రము చెడలేదు.

ఇక నేల సంగతి. పులిగడ్డ వద్ద కృష్ణ చీలిన పిమ్మట, రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న దివిసీమలోను, బందరు చుట్టుప్రక్కలను భూమిలోని నీరు పలుచోట్ల ఉప్పన. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి కాలువలు పాఱిన తరువాత గూడ, ఊరి మంచినీళ్ళ చెఱువును కాలువ నీటితో నింపుకొని వేసవిని గడపుట ఈ పల్లెల అలవాటు. కాలువలు కట్టివేయు దినములు, శ్రీరామనవమి దినములు ఇంచుమించు ఒకే ఋతువునకు చెందినవి. మంచినీరే అపురూపమైన వేళ, దానిలో బెల్లము కరగించి, మిరియము, ఏలకి, శొంఠి చేర్చి, వచ్చినవారికెల్ల పోయుట సామాన్యమైన దానము కాదు. చలివేంద్రమునకును నవమి పందిరికిని గల చుట్టఱికము ఇచ్చట స్పష్టముగ కనబడును. పానకముతో వడపప్పు పెట్టుదురు. సీతారామ కళ్యాణమునకు వేయు పందిరికి కప్పు తాటాకు. ఈ తాటిచెట్టును పాఠకులు గుర్తుంచుకొనవలెను; దానితో ముందు పనియున్నది.

కృష్ణకు ఆవలి యొడ్డున మంగళగిరి కొండపై పానకాలస్వామికి జరుగు సేవను ఇచ్చట స్మరింపవలసియున్నది. శంఖముతో స్వామి నోట పానకము పోయుదురు. గుటకవేసిన చప్పుడు వినబడుననియు, అది నిలిచినంతనే పోయుట మానుదురనియు ప్రసిద్ధి. మిగిలిన సగము భక్తునికి ప్రసాదముగా తిరిగివచ్చును. కొండ స్వభావమును బట్టి ఈ చప్పుడునకు కారణము చెప్పువారు చెప్పుదురు గాక. మాకు ముఖ్యమైనది పంపకము. దేవుడు మొత్తము త్రాగడు, భక్తుడు మొత్తము త్రాగడు. ఈ సగపాలు లేనిచో అది బెల్లపు నీరేగాని పండుగ కాదు.

పోయుట అను క్రియను ఇంతగా కొనియాడినపుడు దాని రెండవ ముఖమును దాచుట న్యాయము కాదు. అంటరానితనము పాటించిన కాలమున ఈ దేశమున కొందఱకు నీటిని పాత్రతో ఇచ్చువారు కారు. దోసిలి పట్టించి పైనుండి పోయుచుండిరి. పాత్ర తగులరాదు, ధార తెగరాదు. అపుడు పోయుట దానమును, దూరమును ఏకకాలమున తెలిపినది. పండుగ పందిరిలో ఎవరి చేయి పైనున్నది, ఎవరి దోసిలి క్రిందనున్నది అని అడుగని పరిశోధకుడు ఆచారమును సగమే వ్రాసినవాడగును. పేపరు గ్లాసులు వచ్చిన పిదప ఈ చిహ్నము కంటికి కనబడకపోవచ్చును. పూర్వపు ఆచారమును ఎఱిగిన వృద్ధులు ఉండగనే అడిగి వ్రాసికొనవలెను.

నవమి పానకమునకు సరిజోడు మొహరము షర్బతు. బందరు గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన ఓడరేవు. పారసీక వర్తకులు వచ్చి నిలిచిన పట్టణము. కుతుబ్‌షాహీలు షియా మతస్థులగుటచే పీర్ల పండుగ తెలుగునాట వేళ్ళూనినది. క్రీ.శ. 680లో కర్బలా యుద్ధభూమిని, యూఫ్రటీసు నీరు అందనీయక దాహముతో వేధించి హుస్సేనును, ఆయన వెంటనున్నవారిని వధించిరి. ఆ దాహమును తలచుకొని దారిని పోవువారికి నీరు, షర్బతు పోయు చోటునకు సబీలు అని పేరు. తెలుగు పల్లెలలో పీర్లకు హిందువులును మ్రొక్కుకొని పానకపు కడవలు తెచ్చుట చిరకాలపు వాడుక. షర్బతు అని ముస్లిము అన్నదానినే పానకము అని హిందువు అనును. కాని పోలికను మితిమీఱి సాగింపరాదు. నవమి ఎప్పుడును ఎండకాలముననే వచ్చును. మొహరము చాంద్రమానముననుసరించి ఏటేట పదునొకండు దినములు వెనుకకు జరుగుచు చలికాలమునను రాగలదు. కావున నవమి పందిరిలో తీరునది ఈ సీమ దాహము. సబీలులో స్మరింపబడునది కర్బలా దాహము. షర్బతు, మద్యవాచియైన షరాబు రెండును త్రాగుట అను అర్థముగల ఒకే అరబ్బీ ధాతువునుండి పుట్టినవి. మన భాషలోని షరాబు, అనగా నాణెములు మార్చువాడు, వేఱు పదమునుండి వచ్చినవాడు. విద్యార్థులు ఈ ఇద్దఱిని కలిపివేయరాదు.

ఇపుడు తాటిచెట్టు వద్దకు వత్తము. ఆకు రాముని పందిరికి పోగా, గీచిన గెల కారు రసము కుండలో దిగును. లోపల సున్నము పూసిన కుండయైనచో ఆ రసము పులియక తీపిగ నిలుచును, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేని కుండలో అదియే మధ్యాహ్నమునకు కల్లగును. ఒకే చెట్టు, ఒకే గీత, ఒకే కుండ. భేదమంతయు ఒక సున్నపు పూతలోనున్నది. పవిత్రమనియు అపవిత్రమనియు మనము చేసిన విభాగమునకు ప్రకృతిలోనున్న ఆధారమింతమాత్రమే.

గ్రామదేవత కొలువులలో కల్లునకు స్థానము సాకలో కలదు. గంగానమ్మ, పోలేరమ్మ మున్నగు దేవతల ముందు నేలపై ధారగా పోయు ద్రవమునకు సాక యని పేరు. అది కల్లు కావచ్చును. పసుపు, వేపాకు కలిపిన నీరు కావచ్చును. అమ్మవారిని చల్లబఱచుటకై ఈ పసుపునీటిని పోయుటను వారు పోయుట యనియు అందురు. మశూచికమును "అమ్మవారు" అని వ్యవహరించిన కాలమున, చలువ యనునది దేహమునకు, దేవతకు, ఊరికి సమానముగ కావలసిన వస్తువు. సాక పోసిన పిమ్మటనే మిగిలినది మనుష్యులకు. ఈ క్రమము మంగళగిరి క్రమమునకు భిన్నమైనది కాదని మా వాదము. శంఖమునకు బదులు ముంత, రాతినోటికి బదులు నేల. మద్రాసు బిషప్పుగానుండిన హెన్రీ వైట్‌హెడ్, 1916లో ప్రకటించిన గ్రామదేవతల గ్రంథమున తెలుగునాటి జాతరలను విపులముగనే వర్ణించెను. ఆయన దృష్టి బలులపై నిలిచినది. అది సహజమే, నెత్తురు చూచిన కన్నునకు ప్రక్కనే యింకిపోవు కల్లుధార ఆనదు.

శాసనకర్తల దృష్టి మఱియొక తీరు. 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించినది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మఱుసటి సంవత్సరము, 1954 నవంబరున, టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము కూలినది ఈ చర్చమీదనే, అదియు ఒక్క వోటు తేడాతో. గీతపనివారి బ్రతుకుతెరువు ఆనాటి వాదములలో ప్రధానాంశము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము ఫలితముగ 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమైనది. గుడివాడ సమీపమున నిమ్మకూరులో జన్మించి, 1983, 1985 ఎన్నికలలో గుడివాడలో గెలిచిన ఎన్.టి. రామారావు 1994 డిసెంబరున మరల ముఖ్యమంత్రియై మద్యనిషేధపు దస్త్రముపై సంతకము చేసెను. అది 1995 జనవరి 16న అమలులోనికి వచ్చినది. అనగా సంక్రాంతి సంబరములు పూర్తిగ చల్లాఱకముందే. 1997లో దానిని సడలించిరి. దూబగుంట స్త్రీల దుఃఖము నిజమైనది. ఇంట కూలిడబ్బు మిగులక బిడ్డలు పస్తుండిన వేదన అది. సాకను గుఱించి వ్రాయుచు ఆ వేదనను తేలికపఱచు ఉద్దేశము మాకు లేదు. మేము చెప్పునదంతయు ఇంతే: సారా సీసాలో పోయుట అను క్రియ లేదు. అది ఎవరికిని చూపక, ఎవరికిని పంచక, కొన్నవాని గొంతులోనికి నేరుగా దిగును. ఇటీవల సీసామద్యమునే అమ్మవారి ముందు ఒలికించుట వినవచ్చుచున్నది. ఆచారము మద్యమును లోబఱచుకొన్నదో, మద్యమే ఆచారమును లోబఱచుకొన్నదో తేల్చుటకు క్షేత్రపరిశోధన కావలయును.

ఈ తీరమున దిగిన పరదేశీయుల పానవిధి వేఱు. ఆంగ్ల వర్తకులు 1611లో పేటపోలిలోను, బందరులోను అడుగుపెట్టిరి. పేటపోలి యనగా దివిసీమకు పడమట, నదికి ఆవల నున్న నేటి నిజాంపట్నము. 1632లో రాబర్ట్ ఆడమ్స్ అను కుంఫిణీ కొలువువాడు, పేటపోలిలోని థామస్ కాలీ యను వర్తకునకు వ్రాసిన లేఖలో "పంచ్" అను పానము పేరు కనబడుచున్నది. ఆంగ్లమున ఆ పదమునకు దొరకిన తొలి ప్రయోగము అదియేనని ప్రసిద్ధి. అయిదు వస్తువులు చేరుటచే "పంచ" శబ్దమునుండి పుట్టినదని పదునేడవ శతాబ్దపు యాత్రికుడు ఫ్రయరు చెప్పెను. పీపాను తెలుపు ఆంగ్లపదమునుండి వచ్చినదనువారును కలరు. వివాదమెట్లున్నను, యూరోపు విందుబల్లలపై మూడు శతాబ్దులు ఏలిన ఈ పేరు మన సముద్రపుటొడ్డు లేఖలో తొలిసారి తొంగిచూచుట తెలుగు విద్యార్థి తెలిసికొనదగిన విషయము.

ఆ వర్తకుల దేశమున గిన్నె యెత్తి రాజునకో మిత్రునకో ఆరోగ్యము కోరి త్రాగుట మర్యాద. అందు కోరిక యెదుటివానికి చెందును, పానము తన గొంతునకే చెందును. సాకలో పానమే యెదుటివారికి చెందును. ఈ భేదమును ప్రాచ్య పాశ్చాత్య భేదముగా చెప్పుట మాత్రము తొందరపాటు. ఆంగ్లేయుల పడమటి జిల్లాలలోనే, క్రిస్మసు పండుగ ముగియు దినములలో ఆపిలు తోటలకు పోయి, ఆపిలు మద్యమును చెట్ల మొదళ్ళలో పోసి, మంచి కాపు కోరు ఆచారము కలదు. యూదులు పస్కా రాత్రి నాలుగు గిన్నెల ద్రాక్షారసము పుచ్చుకొని, మఱియొక గిన్నెను ఏలీయా ప్రవక్తకై నింపి యుంచుదురు. దానిని ఎవరును ముట్టరు. జపానువారు సంవత్సరాదినాడు మూలికలు కలిపిన బియ్యపు మద్యమును ఇంటిలో చిన్నవారు మొదలుకొని పెద్దవారివఱకు వరుసగా పుచ్చుకొందురు. అచ్చట ఎవరికిని ధారపోయరు, కాని వరుస యున్నది. తాను ముందు అను తొందర లేదు. మన సంవత్సరాది వేపపూత పచ్చడిని వీనితో పోల్చవచ్చునా యని యోచించితిమి. కొన్ని యిండ్లలో అది త్రాగదగినంత పలుచగ నుండును. అయినను పంచాంగకర్తలు దానిని నింబకుసుమ భక్షణమనియే వ్రాయుదురు కనుక విడిచితిమి.

త్రాగువాడు లేని పానము ఒకటి మిగిలియున్నది. తర్పణము అను పదమునకు తృప్తిపఱచుట అని వ్యుత్పత్తి. పితరుల దాహము తీర్చుటకు నువ్వులు కలిపిన నీటిని దోసిలినుండి విడుతురు. దానినుండియే తిలోదకములిచ్చుట యను పలుకుబడి ఏర్పడినది. ఇంటిలో ఇతరులకు పంచుటకు అందు ఏమియు మిగులదు. కృష్ణ సముద్రమున కలియు హంసలదీవిలో మాఘ పూర్ణిమనాడు స్నానమునకు జనము చేరుదురు. ఆ సంగమమున తర్పణములు విడుచువారు కలరు. 1977 నవంబరు 19న, కార్తికమాసమున, ఉప్పెన దివిసీమపై పడి వేలాది ప్రాణములను తీసినది. సముద్రము చొచ్చిన చెఱువులలో మంచినీరు చెడినది. దాహముతో బ్రతికిన వారు, నీట మునిగి పోయిన వారికి దోసిళ్ళతో నీరు విడిచిన సీమ యిది.