అపోలో మార్గదర్శక కంప్యూటరు

అపోలో మార్గదర్శక కంప్యూటరు అనేది అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అపోలో యాత్రలలో వ్యోమనౌకలను నడిపించడానికి వాడిన డిజిటల్ కంప్యూటరు. దీనిని ఎం.ఐ.టి. విద్యాసంస్థకు చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీ రూపొందించగా, రేథియాన్ సంస్థ తయారు చేసింది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లతో నిర్మించిన తొలి కంప్యూటర్లలో ఇది ఒకటి.

అవసరం

చంద్రుని కక్ష్యలో ప్రవేశించడానికి నౌక తన ఇంజనును చంద్రుని వెనుక భాగాన మండించాలి. అక్కడ భూమితో రేడియో సంబంధం ఉండదు. చంద్రుని ముందు భాగాన ఉన్నప్పుడు కూడా సంకేతం భూమికి వెళ్ళి తిరిగి రావడానికి రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. అందువలన క్షణక్షణానికీ అవసరమయ్యే లెక్కలు నౌకలోనే జరగాలి. ఇందుకోసం ఆదేశ నౌకలో ఒకటి, చంద్రునిపై దిగే నౌకలో ఒకటి చొప్పున ఈ కంప్యూటర్లను అమర్చారు.

నిర్మాణం

దీని బరువు సుమారు 32 కిలోగ్రాములు. ఇందులో 2,048 పదాల తాత్కాలిక మెమరీ, 36,864 పదాల శాశ్వత మెమరీ ఉండేవి. ఒక్కొక్క పదానికి 16 బిట్లు. శాశ్వత మెమరీలో ప్రోగ్రాములు తీగల అల్లికగా ఉండేవి. అయస్కాంత వలయం గుండా తీగ వెళితే 1, దాని పక్కనుండి వెళితే 0 అని అర్థం. కర్మాగారంలో మహిళా కార్మికులు వీటిని అల్లేవారు. అల్లిక పూర్తయిన తరువాత మార్పులు చేయడం చాలా కష్టం కనుక తప్పులను ముందుగానే పట్టుకోవలసి వచ్చేది.

అపోలో 11 హెచ్చరికలు

1969 జూలై 20న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రునిపైకి దిగుతుండగా కంప్యూటరు 1202, 1201 అనే హెచ్చరికలను చూపింది. పైన తిరుగుతున్న ఆదేశ నౌకను గుర్తించే రాడారు వ్యవస్థ నుండి అనవసర సంకేతాలు వచ్చి, కంప్యూటరు సమయాన్ని హరించడమే దీనికి కారణం. అయితే హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతి ప్రకారం ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉండేది. భారం పెరిగినప్పుడు కంప్యూటరు తనంతట తానే పునఃప్రారంభమై, తక్కువ ప్రాధాన్యం గల పనులను వదలి, నౌకను దించే పనిని కొనసాగించింది. భూమిపై నియంత్రణ కేంద్రం కూడా ముందుకు సాగవచ్చని తెలపడంతో నౌక క్షేమంగా దిగింది.

విమానాలలో వినియోగం

1972 మే 25న నాసా ఇదే కంప్యూటరును అమర్చిన ఎఫ్-8 క్రూసేడర్ విమానాన్ని కాలిఫోర్నియాలో ఎగురవేసింది. ఇందులో పైలట్ చేతి కదలికలు కడ్డీలు, తీగతాళ్ళ ద్వారా కాక, విద్యుత్ సంకేతాలుగా కంప్యూటరు ద్వారా రెక్కల భాగాలకు చేరాయి. ఈ డిజిటల్ పద్ధతి 1988లో సేవలో ప్రవేశించిన ఎయిర్‌బస్ ఎ320తో ప్రయాణికుల విమానాలకు విస్తరించింది.