మెరుపుయుద్ధము: అపోహలు – వాస్తవములు

హిట్లరు సేనానులు ‘బ్లిట్జ్‌క్రీగ్’ అను పేరిట నొక నూతన యుద్ధసిద్ధాంతమును శాంతికాలముననే రచించి, 1939లో పోలండుపై పరీక్షించి, మరుసటియేట ఫ్రాన్సుపై పరిపూర్ణముగా ప్రయోగించిరని చదువరులలో పెక్కుమంది నేటికిని నమ్ముచున్నారు. మెరుపువలె ముగియు యుద్ధమని అర్థమిచ్చు ఈ పదము 1935 నాటికే జర్మను సైనికపత్రికలలో అక్కడక్కడ కానవచ్చుట నిజమే. కాని ఆహారమును ముడిసరుకులును చాలని దేశము దీర్ఘకాలము పోరజాలదు గనుక పోరును త్వరగా ముగింపవలెనను ఆకాంక్షకు అది పేరే తప్ప, టాంకులను విమానములను జోడించి నడపు పద్ధతికి పేరు గాదు. అధికారిక సైనికశాస్త్రమున దానికి స్థానమే లేకుండెను. పోలండు పతనమును వర్ణించుచు దానిని లోకమంతట మ్రోగించినవి ‘టైమ్’ వంటి విదేశీ పత్రికలు. తానామాట నెన్నడును వాడలేదనియు, అది వట్టి తెలివిమాలిన పదమనియు హిట్లరే 1941 నవంబరులో బహిరంగముగా ఈసడించెను. రష్యాలో సేనలు చిక్కువడుచున్న వేళ పలికిన పలుకు గనుక, అందు సత్యమెంత గలదో ఆత్మరక్షణమును అంతయే గలదని నా అభిప్రాయము.

జర్మను సైన్యమంతయు యంత్రమయమని తలచుట అంతకంటె గట్టి అపోహ. నాజీ ప్రచార చిత్రములు టాంకులను చూపినవే గాని, వాని వెనుక ఫిరంగులను బండ్లను లాగిన లక్షలాది గుర్రములను అంతగా చూపలేదు. 1940 మేలో పశ్చిమరంగమునకు సమకూర్చిన సుమారు 135 డివిజన్లలో టాంకు డివిజన్లు 10 మాత్రమే. టాంకుల సంఖ్యయందు ఫ్రెంచివారే అధికులు, కవచపు దళసరియందు వారి బి-1 టాంకులే మిన్న. జర్మనుల బలము మరియొకచోట నుండెను: దాదాపు ప్రతి టాంకునందును రేడియో, ఆజ్ఞకై ఎదురుచూడక సమయమెరిగి నిర్ణయించు స్వాతంత్ర్యమును రణరంగమందలి అధికారులకొసగు ప్రష్యా నాటి సంప్రదాయము. మే 13న సెడాన్ కడ మ్యూజ్ నదిని దాటనారంభించిన జర్మను టాంకు సేనాని గుడేరియన్, 17న పైయధికారులు నిలువుమనగా రాజీనామాకే సిద్ధపడి, ఎట్టకేలకు అనుమతి సంపాదించుకొని, 20వ తేదీకెల్ల తన సేనలను సముద్రతీరమునకు చేర్చెను. ఆ వేగమునకు ఫ్రెంచివారు బెదరుట అటుంచి హిట్లరే బెదరెను. ముందుగా కూర్చుకొన్న సిద్ధాంతమే యైనచో ఇంత భయమేల?

యుద్ధానంతరము ఈ విద్యకు మూలగురువు తానేయను కీర్తిని బ్రిటిష్ రచయిత లిడెల్ హార్ట్ ఆశించెను. గుడేరియన్ స్మృతులలో ఆయనకు ఋణము చెల్లించు భాగము ఆంగ్లానువాదమున గలదు గాని జర్మను మూలమున లేదు.

శీఘ్రవిజయమునే ఆదినుండియు లెక్కగట్టుకొని సాగించిన దండయాత్ర గనుక, మెరుపుయుద్ధమను పేరు నిజముగా చెల్లునది 1941 జూన్ 22న ఆరంభమైన రష్యా దండయాత్రకే. అది ఆ డిసెంబరున మాస్కో వాకిట విఫలమయ్యెను.